కిష్టసామి అతికించిన ముందుకాళ్లు

రెడ్‌హిల్ పేట కిష్టసామి దక్షిణాఫ్రికా డర్బన్‌లోని ఒక మ్యూజియంలో ఇరవైఆరేళ్లుగా సీతాకోకచిలుకలకు రెక్కలు సర్ది, సూదులు గుచ్చుతున్నాడు. జీతాల పట్టీలో ఆయన సహాయకుడు. సొంత అభిప్రాయంలో మాత్రం పద్నాలుగో బీరువాకు అధిపతి. నీలిచిలుకలనే నీలి సీతాకోకచిలుకల కుటుంబమంతా అందులో కొలువుండేది. అట్టడుగు డ్రాయరు అబిసారా అనే ప్రజాతిది. మధ్య ఆఫ్రికా అడవులనుంచి వచ్చిన ఆ గోధుమరంగు చిలుకలు మెటల్‌మార్క్ తెగవి. రెక్కలమీద లోహపు చుక్కలుంటాయని ఆ తెగకు ఆ పేరు. పాపం, అబిసారాకు ఆ మెరుపు దక్కలేదు. బహుశా అందుకే కిష్టసామికి వాటిమీద అంత మమకారం.

1995లో, నేటాల్, క్వాజులూ కలిసి ఒకే రాష్ట్రమై, రంగు భేదం లేకుండా జనం ఒకే వరసలో నిలబడటం నేర్చుకుంటున్న రోజుల్లో, హైదరాబాదునుంచి గిరిధరరావు అనే శాస్త్రజ్ఞుడు దిగి, చిలుకల కుటుంబాన్ని వేరుపెట్టాలన్నాడు.

"కిష్టసామిగారూ, మెటల్‌మార్క్‌లు నీలిచిలుకల్లో ఒక శాఖ కావండీ, విడి కుటుంబం. మగవాటి ముందుకాళ్లు కురచగా కుచ్చుల్లా ఉంటాయి, నడకకు పనికిరావు. మొత్తం చూసి, అబిసారాను నా బీరువాలో పెట్టేస్తాను."

పాత దొరలు కిష్టసామిని "సామీ" అని కుక్కను పిలిచినట్టు పిలిచేవారు. ఈయన "గారూ" అంటున్నాడు. ముప్పైరెండేళ్ల వయసు, డాక్టరేటు, ఒత్తులు పోని తెలుగు, వాటిమీద మర్యాద కూడానా! తిట్టుకోవడానికి ఒక్క సాకైనా మిగల్చని మనిషిని ఎలా భరించడం?

ఇంట్లో భార్య వల్లి కనిపెట్టింది. "ఏమయ్యా, కూర ముట్టలేదు? కొత్త లానీ, పెద్ద దొర, వచ్చినాడని కడుపుమంటా?"

"నా డ్రాయర్ తీసుకుంటాడంట!"

"మీ తాత కూలికి వచ్చిన షిప్పులో తెచ్చినాడా ఆ డ్రాయరు? తిను!"

గురువారం పొద్దున రావు భూతద్దం దగ్గర కేక పెట్టాడు. "తొమ్మిది మగవాటికి నిండైన ముందుకాళ్లు! గోళ్లతో సహా! నా లెక్కే తప్పండీ. ఇవి మీ బీరువాలోనే ఉండాలి."

కిష్టసామి ఆనందం ఒక కప్పు టీ తాగేంతసేపు నిలిచింది. ఆ తర్వాత 1971 గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అబిసారాలు వచ్చిన పెట్టె విప్పగానే కురచ కాళ్లు చూసి, దారిలో విరిగాయనుకున్నాడు. కుంటి ప్రాణిని చూసి ఊరుకోలేని మనసు కనుక, పాడైపోయిన వేరే చిలుకల కాళ్లు తీసి, జిగురుతో చక్కగా అతికించాడు. అలా చెయ్యకూడదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే డ్రాయరు దక్కుతుంది. మూసుకున్నాడు.

శుక్రవారం రావు వెలిగిపోతూ వచ్చాడు. "వ్యాసం సిద్ధం. ప్రపంచంలో ఎవరూ చూడని కాళ్లండీ! రేపు వీటిని 'రావు కాళ్లు' అంటారేమో!"

"ఎవురి కాళ్లు?"

"సరదాకి అన్నానండీ, నా పేరుమీద, రావు..."

ఇరవైనాలుగేళ్ల కిందట ఊపిరి బిగబట్టి తాను చేసిన పనికి ఇంకొకడి పేరా! డ్రాయరు పోతే పోనీ.

"అవి నా కాళ్లు సార్! నేను అతికిచ్చినాను. గమ్ పెట్టి. సెవెంటీ వన్‌లో. నీకు ఒక్క జాయింట్ అన్నా కనపడిందా?"

రావు కళ్లద్దాలు తీసి కుర్చీలో కూలబడ్డాడు. తపాలాకు తీసిపెట్టిన కవరును మెల్లగా చింపాడు. ముక్కలు బుట్టలో వేసి అడిగాడు, "ఊడదీయగలరా?"

"నేనొక్కడినే తీసేది. నువ్వు ముట్టినావంటే రెక్క పోతుంది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

కిష్టసామి తొమ్మిది చిలుకల వంకా, పద్దెనిమిది కాళ్ల వంకా గంభీరంగా చూశాడు. "దినానికి ఒక కాలు."

అబిసారా విడి కుటుంబంలోకి వెళ్లడం ఖాయమైంది. కాళ్లన్నీ ఊడేంతవరకూ డ్రాయరు కిష్టసామి బల్లమీదే ఉంది. సోమవారం నుంచి డాక్టర్ గిరిధరరావు రోజూ ఆ బల్లపక్కన దీపం పట్టుకుని నిలబడ్డాడు.

"కొంచెం పైకెత్తు, తంబీ," అన్నాడు కిష్టసామి, తల తిప్పకుండా. "చెయ్యి వణకనియ్యకు."