ఎక్సెప్ట్, యాక్సెప్ట్

మా నాయన కైలాసానికి ఇంగ్లీషు మీద ప్రేమ ఎక్కువ, పట్టు తక్కువ. పటాన్‌చెరు బజారులో మాది కిరాణా దుకాణం. ఆయన ఉర్దూలో ఏడో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు మాత్రం పాత నిఘంటువు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాడు. ఎవరికి ఇంగ్లీషు అర్జీ కావాలన్నా బెల్లం చేతులు తుడుచుకుని ఊరికే రాసిపెట్టేవాడు. "కైలాసం సేటు రాస్తే కలెక్టరైనా లేసి నిలబడాలె" అని ఎవరైనా అంటే ఇక ఆ పూట ఆయనకు అన్నం అక్కర్లేదు. ఆ పొగడ్తే కొంప ముంచింది.

డెబ్బై మూడులో ఫ్యాక్టరీలకు భూములు తీసుకుంటామని నోటీసులొచ్చాయి. నర్సింహమ్మకు నాలుగెకరాలు. భర్త పోయాడు, పిల్లలు లేరు. బావి కింద కూరగాయలు పండించి మా దుకాణం ముందే అమ్ముకునేది.

"అంత తీస్కోమను సేటూ. బాయి, దాని కింది అరెకరం ఇడిసిపెట్టుమను. గంతుంటే సచ్చేదాక బతుకుత" అంది.

నాయన రాసి గట్టిగా చదివాడు. ఆమె వేలిముద్ర వేసింది. నకలును ఆయన దుకాణంలో తీగకు గుచ్చిపెట్టాడు.

ఆ చలికాలం మా బళ్లో త్రినాథరావు సారు కవల పిల్లల్లాంటి ఇంగ్లీషు మాటలు నేర్పాడు. లూజ్‌లో రెండు 'ఓ'లుంటే వదులు, ఒకటే ఉంటే పోగొట్టుకోవడం. ఇంటికొచ్చి నా తెలివి చూసుకుందామని తీగకున్న కాగితాలు తీశాను. నర్సింహమ్మ అర్జీ దొరికింది.

"నాయినా, తప్పు రాసినవ్! 'తప్ప' అనాలంటే 'ఇ', 'ఎక్స్' పెట్టాలె, ఎక్సెప్ట్. నువ్వు 'ఎ', రెండు 'సి'లు పెట్టినవ్. గది యాక్సెప్ట్. తీస్కోండి అని."

నవ్వుతూ చెప్పాను. ఆ నవ్వుకు నన్ను నేనింకా క్షమించుకోలేదు. నాలుగెకరాలు ఇస్తాను, బావీ అరెకరమూ స్వీకరించండి. మా నాయన రాసింది ఇదీ.

మర్నాడే సంగారెడ్డి ఆఫీసుకు పరుగెత్తాడు. అలాగే అడిగిన ఇద్దరు రైతులకు బావులు వదిలేశారు. "ఈమె తీస్కోమన్నది గద, ఏలుముద్ర సుత ఉన్నది. ఇగ కాదు" అన్నాడు గుమాస్తా. నాయన మూడుసార్లు తిరిగాడు, చేతులు పట్టుకున్నాడు. పని కాలేదు.

బావి పూడ్చిన రోజు నర్సింహమ్మ దుకాణానికొచ్చింది. నాయన నిజం చెప్పబోయాడు. ఆమే ముందు మాట్లాడింది.

"నువ్వు మంచిగనే రాసినవ్ సేటూ, వాళ్లు ఇనలే. నా నసీబు."

ఆయన నోరు మూసుకున్నాడు. పిరికివాడని నాకు ఒళ్లు మండింది. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ నోరుంది.

తన నేల మీదే లేస్తున్న ప్రహరీగోడకు ఆమె ఇటుకలు మోసింది. ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి అర్జీ రాయమని నాయనను అడిగింది. అర్జీ ఇంగ్లీషులోనే ఉండాలట. ఆయనకు చెయ్యి రాలేదు. రేపు, ఎల్లుండి అన్నాడు. అడిగినవాళ్లతో "సేటుకు తీరిక లేదు, రాస్తడు" అని ఆమె చెప్పుకునేది. అలా ఐదేళ్లు ఎదురుచూసి, చుట్టూ లేస్తున్న ఫ్యాక్టరీలకు ఇటుకలు మోస్తూనే పోయింది.

మధ్యలో ఒకసారి నేను రాసిస్తానన్నాను. నా తల నిమిరింది.

"నువ్వు చిన్నదానివి బిడ్డా, తప్పులు రాస్తవ్. సేటే రాయాలె."