గోడ వెనక్కి జరిపించిన అత్త

మా మేనత్త పోయిందని కబురొచ్చినప్పుడు నేను జమ్మలమడుగులో ఒక ఇంటికి స్లాబు పోయిస్తున్నాను. మిక్సర్ చప్పుడులో మాట సరిగా వినపడలేదు. పక్కకు వచ్చి మళ్లీ ఫోన్ చేశాను. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిందట, ఇక లేవలేదట. స్లాబు సగంలో ఆపడానికి లేదు. పని ముగిసేదాకా అక్కడే నిలబడి, తర్వాత ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసట మాత్రం కమ్ముకుంది.

అత్తది సింహాద్రిపురం దగ్గర పల్లె. ఆ రోజుల్లో ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. సెలవులకు వెళితే అత్త మమ్మల్ని వీధిలోకి పోనిచ్చేది కాదు. ఎత్తు గోడలు, చిన్న కిటికీలు, తల వంచి దూరాల్సిన తలుపులు. బయట కూర్చున్న మనిషి తిరిగి లోపలికి వస్తాడన్న నమ్మకం లేక, వీధి అరుగులు కూడా జనం పగలగొట్టించుకున్నారు. ఒకసారి మామ పులివెందులలో కోర్టు వాయిదాకు వెళ్లి వస్తుంటే అవతలి పార్టీవాళ్లు బాంబు వేశారు. ప్రాణం దక్కింది గాని కుడి మోకాలు పనికిరాకుండా పోయింది. పిల్లల్లేని ఇద్దరూ పల్లె వదిలి ప్రొద్దుటూరు చేరారు.

అద్దెకు దొరికింది మేడ మీద ఇల్లు. నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. మొదట్లో మామ దిగి టీ అంగడి దాకా వెళ్లేవాడు. పోనుపోను దిగడం మానేసి, పిట్టగోడ మీద చేతులాన్చి వీధిని చూస్తూ కూర్చునేవాడు. కొన్నేళ్లకు ఆయన్ని నలుగురు మోసుకుని దింపారు.

“మీ మామ బాంబుకు పోలేదు అబ్బీ. మెట్లకు పోయినాడు” అనేది అత్త.

నేను ఇళ్లకు ప్లాన్లు గీసి బతికేవాణ్ణి. పల్లెలో మిగిలిన చేను అమ్మి, ప్రొద్దుటూరు చివర కొత్తగా వేసిన ప్లాట్లలో అత్త చిన్న జాగా కొన్నప్పుడు, అందరికీ గీసినట్టే గీసి తీసుకెళ్లాను. కింద బండ్లకు, పైన మనుషులకు.

“ఈ మెట్లు యాడికి?”

“పైకి, అత్తా. అందరూ ఇట్లనే కడతాండారు.”

“బండ్లకేమన్నా మోకాళ్లు నొస్తాయా? వాటిని కింద పెట్టి నన్ను పైకెక్కిస్తాండావు.”

మళ్లీ గీశాను. ఇల్లు నేలమీదే. తలుపులు వెడల్పుగా, స్నానాలగదికి గడప లేకుండా, గోడ పొడవునా పట్టుకోవడానికి ఇనుప పైపు. నున్నటి బండలు వద్దంది, గరుకువే వేయించింది. అంతవరకు బాగానే ఉంది. ప్రహరీకి ముగ్గు పోసేటప్పుడు మాత్రం గోడను మూడడుగులు లోపలికి జరపమంది. ఆ వదిలిన జాగాలో వీధివైపు అరుగు కావాలట.

మేస్త్రీ పార కింద పెట్టేశాడు. “ఏందమ్మా ఇది? అడుగు జాగాకు తలకాయలు పగలగొట్టుకుంటారే, నువ్వు వీధికి ఇడుస్తాండావు?”

“ఆ తలకాయలు చూసొచ్చినదాన్నే అప్పా. నువ్వు కట్టు.”

ఎలక్షన్లప్పుడు పార్టీలవాళ్లు చేరి గొడవలు పెడతారని పక్కింటివాళ్లు సణిగారు. అయినా అత్త కట్టించింది. అరుగు చాలాకాలం ఖాళీగానే ఉండింది.

ఒకరోజు నేనక్కడ ఉండగానే, ఒక ముసలాయన వీధిలో కరెంటు స్తంభం పట్టుకుని ఆయాసపడుతున్నాడు. అత్త చేటలో కందిపప్పు చెరుగుతూ తలెత్తి చూసి, చెయ్యి ఆపింది. ఆయనది మా అత్తవాళ్ల ఊరే. మామ మీద బాంబు వేసిన కేసులో ముద్దాయి. ఆ కేసు ఎప్పుడో కొట్టేశారు. ఆయన కూడా ముసలితనానికి కొడుకు దగ్గరికి, ప్రొద్దుటూరికే వచ్చి పడ్డాడు.

అత్త గేటు దాకా వెళ్లింది.

“అప్పా, వచ్చి కూచో.”

ఆయన గుర్తుపట్టాడు. “నీ ఇంటి ముందరా?”

“ఇంటి ముందర గాదు. వీధిలోనే ఉండాది అరుగు.”

చాలాసేపు స్తంభం వదల్లేదు. తర్వాత మెల్లగా వచ్చి అంచున కూర్చున్నాడు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వచ్చేసింది. మళ్లీ చేట పట్టుకుంది గాని చెరగలేదు.

“ఎట్ల పిలవగలిగినావు అత్తా? మరిచిపోయినావా?”

“మామ మోకాలు నేను మరిచిపోతానా?” అంది. చేట పక్కన పెట్టి, “వాడూ అలిసిపోయినాడు. నేనూ అలిసిపోయినా. అంతే అబ్బీ. పెద్ద మాటలేం లేవు” అంది.

ఆ తర్వాత ఆయన రోజూ వచ్చేవాడు. ఆయన్ని చూసి మిగతా ముసలివాళ్లూ చేరారు. అత్త ఆయనతో ఎక్కువ మాట్లాడగా నేను చూడలేదు. నీళ్లు మాత్రం పెట్టేది. తర్వాత నేను గీసిన ఇళ్లలో కింద ఒక గది, పట్టుకోవడానికి ఒక పైపు ఉండేలా చూస్తూ వచ్చాను. కొందరు ఒప్పుకున్నారు, చాలామంది షాపు రూము చాలన్నారు. వాదించే ఓపిక నాకూ తగ్గింది.

అత్త దినాలు అయిపోయాక ఇంటికి తాళం వేయడానికి వెళ్లాను. సాయంత్రం. ఆ ముసలాయన ఒక్కడే అరుగు మీద ఉన్నాడు, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. పక్క ప్లాటులో లేస్తున్న మూడంతస్తుల ఇంటి నీడ వచ్చి ఆయన పాదాల మీద పడింది. మోకాళ్ల దాకా పాకింది, భుజాలు కప్పేసింది. వీధి మధ్యలో ఇంకా ఎండ ఉంది. ఆయన లేవలేదు, వీధిని చూస్తూ అలాగే కూర్చున్నాడు.