చేపల ప్రాక్టికల్‌కి ఆబ్సెంట్

రాజమండ్రిలో నేను ఎకనామిక్స్ చెప్పే కాలేజీలో కేడెట్ల శిక్షణ బాధ్యత కూడా నాదే. కవాతు ఉన్న రోజుల్లో తెల్లవారకముందే యూనిఫాం వేసుకుని గ్రౌండ్‌కి వెళ్తాను. ఎండ ముదిరాక చీర మార్చుకుని క్లాసుకి పరిగెడతాను. ఈ పని కావాలని నేను అడగలేదు. కొత్తగా చేరాను కదా అని నా నెత్తిన పెట్టారు. చేయగా చేయగా పాఠం కంటే ఇదే ఎక్కువ ఇష్టమైంది.

ఆ అమ్మాయి మొదటి సంవత్సరంలో చేరింది. మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ ఆ చేపలు నరసాపురం తెచ్చి అమ్ముతుంది. డిగ్రీలో ఆక్వాకల్చర్ తీసుకుంది. మొదటి రోజు కవాతులో కమాండ్ ఇవ్వమంటే నోరు విప్పలేదు. రెండోసారి అడిగితే ఇచ్చింది. గ్రౌండ్ అవతల సైకిల్ స్టాండ్‌లో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఇంత గొంతు ఎక్కడిదమ్మా నీకు?" అన్నాను.

"మా ఒడ్డున గాలి ఎక్కువండి మేడం. పడవలో ఉన్న నాన్నని పిలవాలంటే ఇలాగే పిలవాలండి" అంది.

ఆర్మీలో ఆఫీసర్ అవ్వొచ్చని నేనే చెప్పాను. కేడెట్ శిక్షణ పూర్తిచేసి మంచి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి వెళ్ళే దారి ఒకటుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి దానికి వేరే ధ్యాస లేదు. సెలవులకి ఇంటికి వెళ్తే తడి ఇసుకలో పరుగు తీసేది. కాలేజీలో ఉంటే మధ్యాహ్నాలు స్టాఫ్ రూమ్‌లో నా ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడేది. తప్పులు దొర్లేవి, అయినా సిగ్గు పడేది కాదు.

మూడో సంవత్సరంలో ఢిల్లీ క్యాంపుకి ఎంపికైంది. మా యూనివర్సిటీ మొత్తం మీద ఎంపికైన ఆడపిల్ల అదొక్కతే. అదే సమయంలో సెమిస్టర్ ప్రాక్టికల్స్ వచ్చాయి. క్యాంపుకి వెళ్ళడానికి అనుమతి ఇచ్చింది యూనివర్సిటీలోని విద్యార్థి సేవల విభాగమే. ప్రాక్టికల్ సంగతి నేను అక్కడే అడిగాను.

"ఏం పర్వాలేదండీ మేడం గారూ. క్యాంపుకి వెళ్ళినవాళ్ళకి స్పెషల్‌గా పెడతాం. రూల్ ఉంది" అన్నారు ఆ విభాగం ఆఫీసరు గారు. నమ్మాను. రూల్ నిజంగానే ఉంది.

అది ఢిల్లీలో కవాతు చేసి వచ్చేసరికి యూనివర్సిటీ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని ఫొటో ఒక మూల చిన్నగా, పెద్దల ఫొటోలు నిండుగా. శాలువా కప్పారు. స్పెషల్ ప్రాక్టికల్ ఎప్పుడండీ అని నేను అడుగుతూనే ఉన్నాను. పెడతామంటూనే ఉన్నారు.

తరువాత ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. రోజుల తరబడి జరిగే ఇంటర్వ్యూ అది. గోడలు ఎక్కిస్తారు, కథలు రాయిస్తారు, గుంపులో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. దానితో వెళ్ళినవాళ్ళలో చాలామంది మొదటిరోజే వెనక్కి వచ్చేశారు. ఇది నిలబడింది. మెడికల్‌లోనూ నెగ్గింది. శిక్షణకి రమ్మని కబురు వచ్చిన రోజు వాళ్ళమ్మ కాలేజీకి వచ్చి నా చేతిలో ఎండు రొయ్యల పొట్లం పెట్టింది. "మా ఇళ్ళల్లో టీచరయినోళ్ళే లేరండి. ఇది ఆఫీసరంట" అని నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

శిక్షణలో చేరే నాటికి డిగ్రీ పాసైన సర్టిఫికెట్ చూపించాలి. రిజల్ట్స్ వచ్చాయి. అన్నిట్లోనూ మంచి మార్కులు. ఫలితం దగ్గర మాత్రం నిలిపివేశాం అని ఉంది. ఎందుకంటే ఆక్వాకల్చర్ ప్రాక్టికల్‌కి ఆబ్సెంట్.

నేను దాన్ని వెంటబెట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్ళాను. సూపరింటెండెంట్ గారు కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తలేదు.

"ఆబ్సెంట్ అని పడిందండి. సప్లిమెంటరీ రాసుకోమనండి."

"క్యాంపుకి వెళ్ళిందండీ. మీ యూనివర్సిటీయే పంపింది. ఆ సప్లిమెంటరీ వచ్చేసరికి శిక్షణ మొదలైపోతుంది."

"మమ్మల్ని అడిగి పంపారా అండి? విద్యార్థి సేవల వాళ్ళు పంపారు. వాళ్ళనే అడగండి."

ఆ విభాగం అదే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉంది. మెట్లెక్కాం. రూల్ ఉందని నాకు చెప్పిన ఆఫీసరు గారే కూర్చున్నారు. మమ్మల్ని చూసి ఎంతో మర్యాదగా కుర్చీలు చూపించి టీ తెప్పించారు. విషయం విని, "అయ్యో, మేము అనుమతి ఇస్తామండి, అంతవరకే. ప్రాక్టికల్ పెట్టాల్సింది డిపార్ట్‌మెంటు. వాళ్ళు పెట్టలేదా?" అన్నారు. డిపార్ట్‌మెంటుకి వెళ్తే, పరీక్షల విభాగం నుంచి ఆర్డరు రాలేదు, మేమెలా పెడతామండీ అన్నారు. మళ్ళీ కిందికి వచ్చాం. సూపరింటెండెంట్ గారు భోజనానికి వెళ్ళారు.

ఎదురుచూస్తున్నప్పుడు నేను దాన్ని అడిగాను. "ఇంతకీ ఆ ప్రాక్టికల్‌లో ఏం చేయిస్తారమ్మా?"

చేపని కోసి మొప్పలు, పొట్టలోని భాగాలు విడదీసి చూపించాలి. చేప వయసు, జాతి చెప్పాలి అంది. అదీ పరీక్ష. ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ పక్కన కత్తిపీట ముందు కూర్చున్న పిల్ల, చేపని కోయడం వచ్చని నిరూపించుకోలేదు కాబట్టి ఆఫీసరు కాకూడదట. నాకు నవ్వు రావాలి. ఒళ్ళు మండింది.

సూపరింటెండెంట్ గారు వచ్చారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయన ఈసారి తల ఎత్తి దాని వైపు చూశారు. "అయినా ఆడపిల్లవి, మిలటరీ ఎందుకమ్మా? బి.ఎడ్. చేసుకుని హాయిగా ఉండక" అన్నారు.

అప్పుడు నేను అరిచాను. గ్రౌండ్‌లో ఇచ్చే కమాండ్ గొంతుతోనే అరిచాను.

"మీరు కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్నది ఈ పిల్లేనండీ! ఢిల్లీలో ఉందని గేటు దగ్గర రాసుకుంటారు, ఇక్కడ లేదని కంప్యూటర్‌లో రాసుకుంటారు. ఏది నిజమో మీరే చెప్పండి!"

ఆఫీసంతా లేచి నిలబడింది. ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు. ఆయన మాత్రం, "గొంతు తగ్గించండి మేడం. ఇది ఆఫీసు" అన్నారు.

ఆ తరువాత ప్రిన్సిపాల్ గారు, నేను తిరగని గది లేదు. చివరికి స్పెషల్ ప్రాక్టికల్ పెట్టారు. అది చేపని కోస్తుంటే పరీక్షకి వచ్చిన లెక్చరరు గారు మధ్యలోనే "చాలమ్మా, చాలు" అన్నారట. కానీ ఆ మార్కులు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి ఇంకో సంతకం కావాలి. సంతకం పెట్టాల్సినాయన ఏదో మీటింగుకి విశాఖపట్నం వెళ్ళారు. ఆయన తిరిగొచ్చి సంతకం పెట్టేసరికి దాని బ్యాచ్ వాళ్ళు శిక్షణలో జుట్టు కత్తిరించుకుని, బూట్లు పాలిష్ చేసుకుంటున్నారు. గడువు పొడిగించమని అది పంపిన విన్నపానికి కుదరదని జవాబు వచ్చింది. ఆర్మీ వాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళు ముందే చెప్పిన గడువు అది.

దాని డిగ్రీ సర్టిఫికెట్‌తో పాటు నాకూ ఒక మెమో వచ్చింది. ఆఫీసులో అనుచితంగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వమని. క్షమాపణ రాసిచ్చేస్తే అయిపోతుందని తోటివాళ్ళు సలహా ఇచ్చారు. నేను రాయలేదు. అరిచిన మాట నిజమే, మళ్ళీ అవసరమైతే మళ్ళీ అరుస్తానని రాసిచ్చాను. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆగింది. ఆగితే ఆగింది.

వాళ్ళింటికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియకుండానే వెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టింది. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగింది.

"ఇదంతా ఎవరు సేసేరండి? ఒక్కరి పేరు సెప్పండి మేడం గారూ. నేనేవీ అననండి. ఎందుకిలా సేసేరని అడిగొత్తాను, అంతేనండి."

ఎవరి పేరు చెప్పను? సూపరింటెండెంట్ గారిదా? ఆయన తమని అడిగి పంపలేదన్నారు. ఆఫీసరు గారిదా? ఆయన టీ ఇచ్చారు. సంతకం పెట్టని ఆయనదా? ఆయన ఊళ్ళో లేరు. ఒక పిల్ల మూడేళ్ళ కష్టాన్ని తలా కాస్త నలిపేసి, నా చేతికి అంటలేదని అందరూ చేతులు చూపించే ఏర్పాటు అది. అడిగి రావడానికి ఆ తల్లికి ఒక గుమ్మం కూడా లేదు.

అది మరుసటి ఏడు మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఈసారి ఎంపిక కాలేదు. ఎందుకు కాలేదో ఎవరూ చెప్పరు. మాట్లాడుతుంటే మధ్యలో ఆ ప్రాక్టికల్ గుర్తొచ్చి తడబడ్డానని మాత్రం నాకు చెప్పింది. తరువాత పోలీసు పరీక్షలు రాసి ఎస్సైగా ఎంపికైంది. ఇప్పుడు శిక్షణలో ఉంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. అక్కడా కమాండ్‌లు దానిచేతే ఇప్పిస్తున్నారట.

"బాగానే ఉందండి మేడం. మంచి ఉద్యోగమేనండి" అంటుంది. ఆ మాట అన్నాక, ఈ ఏడు ఢిల్లీ క్యాంపుకి ఎవరు వెళ్తున్నారని అడుగుతుంది.

మొన్న వేరే పని మీద యూనివర్సిటీకి వెళ్తే టీ ఇచ్చిన ఆఫీసరు గారు మెట్ల దగ్గర ఎదురయ్యారు. "మీ అమ్మాయి ఎస్సై అయిందటగా! చూశారా మేడం గారూ, అంతా మంచికే" అన్నారు.

"మంచి మీరు చేయలేదండీ, అది చేసుకుంది. ఈ ఏడు క్యాంపుకి వెళ్ళే నా పిల్లల ప్రాక్టికల్ తేదీ మీ చేతిరాతతో ఇప్పించండి. ఆ కాగితం తీసుకునే కదులుతాను" అని ఆయన వెనకే ఆయన గదిలోకి నడిచాను.