వంగకపోతే విరుపే

సైకిళ్లు బాగుచేసే మావయ్యకు లోకంలో ఒకటే పరీక్ష: దేన్నైనా వంచి చూడడం. వంగి మళ్లీ నిటారుగా నిలబడితే పనికొచ్చేదే. బిర్రబిగుసుకుని కిర్రుమందా, దాని ఆయువు తీరినట్టే. అక్కడికక్కడే ఫెళ్లున విరిచేస్తాడు. అలాగని పారెయ్యడు. మేకులు, బోల్టులు, స్ప్రింగులు ఏరి డబ్బాల్లో దాచి, వాటితో ఇంకేదో తయారుచేస్తాడు. ఆయన చేతికి చిక్కి బతికి బట్టకట్టిన గొడుగులు, దువ్వెనలు, కళ్లజోళ్లు బహుతక్కువ. పెళ్లికి ముందు మొదటిసారి అత్తయ్య వాళ్లింటికి వచ్చి, కూర్చోమని వేసిన కుర్చీనే విరిచాడట. "కుర్చీ పోయింది, ఈయన మిగిలాడు" అంటుంది అత్తయ్య.

ఆ ఇంట్లోనే పెరిగిన మేనకోడలికి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. ఆ సంబరం చల్లారకముందే జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది గానీ కళ్లు పచ్చబడ్డాయి, మెట్లెక్కితే ఆయాసం. డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి, ఎడమ పక్కటెముకల కింద నొక్కి, తల పంకించింది.

"ప్లీహం వాచింది. అందులో సన్నటి సందులుంటాయమ్మా. మంచి ఎర్రకణం ఒళ్లు వంచి జారిపోతుంది. పాడైంది బిగుసుకుని ఇరుక్కుంటుంది. ప్లీహం దాన్ని అక్కడే విరగ్గొట్టి, అందులో ఇనుము తీసి కొత్త కణాలకి పంపిస్తుంది. జ్వరం వల్ల నీకు చాలా కణాలు పాడయ్యాయి. పని ఎక్కువై అది ఉబ్బిపోయింది."

మేనకోడలు భయపడడం మరిచిపోయి, పక్కనే నిలబడ్డ మావయ్య వైపు తిరిగింది. "నా కడుపులో నువ్వున్నావా మావయ్యా?"

"ఉండొద్దూ మరి! ఎవడో ఒకడు చూసుకోవాలి కదే."

"నవ్వులాట కాదు" అంది డాక్టరమ్మ. "పడినా, దెబ్బ తగిలినా అది చితికిపోవచ్చు. మందులతో తగ్గితే సరే, లేదంటే ఆపరేషన్. అప్పటిదాకా బస్సు మాటెత్తకు."

ఉద్యోగం ఎన్నాళ్లు ఆగుతుందో డిపోవాళ్లు చెప్పలేదు. ఆ బెంగతో మేనకోడలికి ముద్ద దిగేది కాదు.

మావయ్యకు మాత్రం పూనకం వచ్చింది. స్నానాలగదిలో స్టూలు ఫెళ్! మేడమెట్ల కమ్మీ ఫెళ్! సాయంత్రానికల్లా దాని స్థానంలో సైకిలు గొట్టాలు మొలిచాయి. ఆఖరికి, మధ్యాహ్నాలు మేనకోడలు నడుం వాల్చే పూలగుడ్డ పడక్కుర్చీ కూడా ఫెళ్!

"అది మా అమ్మ ఇచ్చిన కుర్చీ!" అని అత్తయ్య గరిటె పట్టుకుని వచ్చింది.

"వంగలేదే."

"ఇన్నేళ్లుగా నేనూ వంగలేదు. నన్నూ విరిచెయ్యండి!"

"నిన్ను వంచి చూసే ధైర్యం ఎవడికుంది?"

మేనకోడలు ఎడమ డొక్క పట్టుకుని మరీ నవ్వింది. జ్వరం వచ్చాక ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అదే.

మందులు పనిచేశాయి. ఆఖరి స్కానింగు చూసి డాక్టరమ్మ, "మామూలు సైజుకి వచ్చేసింది. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు. పో, బస్సెక్కు" అంది.

అత్తయ్య ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూలబడి, ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరంతా వదిలేసింది.

"లే, లే! బెంచీ కిర్రుమంటోంది" అన్నాడు మావయ్య.

"అది బెంచీ కాదు, నా మోకాలు!"

మొదటిరోజు డ్యూటీ. డొక్కు బస్సు. దాని కండక్టరు సీట్లో కూర్చుని లేచినవాళ్లంతా నడుం పట్టుకునే దిగుతారని డిపోలో చెప్పుకునేవాళ్లు. మేనకోడలు దేవుడా అనుకుంటూ కూర్చుంది. గతుకులో బస్సు ఎగిరిపడింది. సీటు మాత్రం ఆమెను పసిపిల్లను దించినట్టు మెత్తగా దించింది. వంగి చూస్తే కింద సైకిలు సీటు స్ప్రింగులు. పైన పూలగుడ్డ. అత్తయ్య పడక్కుర్చీది.

మొదటి స్టాపులో జనం ఎక్కుతుండగా డ్రైవరు వెనక్కి తిరిగాడు. "నిన్న ఎవరో పెద్దాయన డిపోకి వచ్చాడు తల్లీ. నీ సీటు వంచాడు, ఫెళ్లున విరిచాడు. మేమంతా మీదపడి కొట్టినంత పని చేశాం. తిట్లన్నీ విని, అక్కడే కూర్చుని ఇది బిగించి పోయాడు. నీకేమన్నా అవుతాడా?"

మేనకోడలు పూలగుడ్డను ఓసారి నిమిరి, టికెట్ల సంచి భుజాన వేసుకుంది.

"మా ప్లీహమండీ" అంది. "రైట్, రైట్!"