బ్యాటరీ పక్కన నల్ల డబ్బా

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున బాపు కారు బానెట్ ఎత్తాడంటే వాడకట్టు పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం... ఆ రోజు మాత్రం బానెట్ ఎత్తింది మా మేనమామ యాదగిరి. చేతిలో సబ్బుపెట్టె అంత నల్ల డబ్బా, దానికి రెండు వైర్లు.

మేముండేది నాచారంలో. బాపు ఒక పాత పెట్రోల్ కారును ఉప్పల్ స్టాండులో పెట్టి కిరాయికి నడిపేవాడు. మామ మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో మోటార్లకు వైండింగ్ చేసేవాడు.

"ఇది బిగిస్తే కరెంటు ఒక్క తీరుగ పోతది బావా... ప్లగ్గు మంచిగ మండుతది. పికప్ పెరుగుతది, పెట్రోల్ ఆదా అయితది," అన్నాడు మామ.

"గంత పనితనం ఉంటే కంపెనోళ్లే పెట్టి ఇస్తుండిరి గద?"

"మన పెట్రోల్ ఆదా అయితే కంపెనోళ్లకేం లాభం బావా?"

అమ్మ గడపలోంచే అందుకుంది. "మనుషులకు తాయెత్తులు కట్టుడు అయిపోయింది. ఇగ కార్లకు షురూ జేసిన్రు."

మామ నవ్వలేదు. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగాడు. గరుకు కాగితంతో టర్మినళ్లు మెరిసేదాకా రుద్దాడు. ఆ తర్వాతే డబ్బా వైర్లు కలిపి గట్టిగా బిగించాడు. అంత మాట అన్న అమ్మే వచ్చి డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టింది. మా ఇంట్లోకి ఏ కొత్త యంత్రం వచ్చినా అంతే... మిక్సీకి పెట్టింది, టీవీకి పెట్టింది.

అసలు సంగతి చాయ్ తాగేటప్పుడు బయటపడింది. మామ ఫ్యాక్టరీ పని మానేసి ఈ డబ్బాలు అమ్ముదామనుకుంటున్నాడు. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు.

"స్టాండుల నీ మాటంటే అందరికి గురి బావా. మంచిగ పనిచేస్తుందని ఒక్కమాట జెప్పు, సాలు. నేను పని ఇడిసిపెడ్త."

"సూసి జెప్త," అన్నాడు బాపు.

చూడటానికి ఆయనకో పద్ధతి ఉండేది. ట్యాంకు మూతిదాకా నింపించి వారం నడపడం, మళ్లీ అదే బంకులో మూతిదాకా నింపించడం... తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం నా పని. అప్పుడు నాది ఆరో తరగతి. అంతకుముందు లీటరుకు పధ్నాలుగు వచ్చేది. డబ్బా బిగించిన వారం పదహారు దాటింది! పైగా పొద్దున్నే తాళం తిప్పితే బండి ఒక్కసారికే అందుకునేది.

"జెప్పిన్నా లేదా?" అన్నాడు మామ.

"ఇంకో వారం సూద్దాం," అన్నాడు బాపు.

ట్యాంకు నింపించుకుని వస్తున్నప్పుడు నేనూ కారులో ఉన్నాను. సిగ్నల్ దగ్గర బాపు ఇంజన్ ఆపేశాడు. అలా ఎప్పుడూ ఆపేవాడు కాదు. ముందు లారీ వెళుతుంటే దాటడానికి చోటున్నా దాని వెనకే మెల్లగా పోయాడు. ఎందుకని అడిగాను.

"కొత్త సామాను బిగించినం గద బిడ్డా... జర పైలంగ నడపాలె."

ఇంటికొచ్చాక దారిలో చూసింది చెప్పి అమ్మను అడిగాను. "బాపుకు తెల్వకుంట డబ్బా తీసేస్తే గూడ పదహారు వస్తదా?"

తమ్ముడు పని మానేస్తాడన్న భయం అమ్మకు ఉండనే ఉంది. "తీసి సూడు. బాపుకు జెప్పకు," అంది.

మర్నాడు బాపు స్నానానికి వెళ్లగానే పానా పట్టుకుని డబ్బా వైరు ఒకటి విప్పాను. కొసకు టేపు చుట్టి, టర్మినల్ మళ్లీ బిగించాను. బాపు వారమంతా అలాగే నడిపాడు... డబ్బా పనిచేస్తోందనే నమ్మకంతో.

ఆదివారం భాగహారం చేశాను. మళ్లీ పదహారు దాటింది.

"ఇగ యాదగిరికి జెప్పొచ్చు," అని లేచాడు బాపు. అప్పుడు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వెళ్లి బానెట్ ఎత్తి, టేపు చుట్టిన వైరును చూశాడు.

"మరి గీ వారం పెట్రోల్ ఆదా జేసింది ఎవరే?"

"నువ్వే. నడిపే తీరు మార్సినవ్," అంది అమ్మ.

"సెల్ఫ్ ఒక్కసారికే అందుకునుడు?"

"గది మా తమ్ముడు కడిగిన కడుగుడు."

ఆ సాయంత్రం స్టాండుకు నేనూ వెళ్లాను. మామ అప్పటికే సంచి నిండా డబ్బాలతో వచ్చి ఉన్నాడు. "ఏందన్నా, పనిచేస్తుందా?" అని డ్రైవర్లు మూగారు. బాపు ఒకసారి మామ వైపు చూశాడు.

"డబ్బా ఏం జేస్తలేదు. దాని వైరు ఇప్పి వారం నడిపినా గంతే వచ్చింది. మెల్లగ నడుపున్రి, సిగ్నల్ కాడ బంద్ జెయ్యున్రి. బ్యాటరీ మాత్రం మా బామ్మర్దితోని కడిగించుకోన్రి. చెయ్యి మంచిది."

"సొంత బామ్మర్దిని నలుగురి ముంగట గిట్ల అంటవా బావా?"

"నలుగురు అడిగిన్రు, జెప్పిన."

మామ సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు. మూడు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు. "ఇంట్ల జెప్తే సరిపోతుండె గద... బజార్లనే జెప్పాలెనా?" అని అమ్మ కూడా బాపు మీద అలిగింది. మామ ఫ్యాక్టరీ పని మాత్రం మానలేదు. నాలుగో నెలలో ఒకరోజు, ఏమీ జరగనట్టు వచ్చి అన్నం తిని వెళ్లాడు.

ఇప్పుడు నా కారులో ఎంత మైలేజీ వస్తోందో తెర మీదే కనిపిస్తుంది. భాగహారంతో పని లేదు. అలాంటి డబ్బాల ప్రకటనలు ఫోన్లో వస్తూనే ఉంటాయి, కింద వందలమంది 'సూపర్' అని రాస్తారు. వాళ్లలో ఎవరు వారం ఆగి చూశారో, ఎవరు చూడకుండానే రాశారో తెలియదు... బాగాలేదని చెప్పినందుకు మూడు నెలలు చుట్టరికం పోగొట్టుకున్న మనిషి ఒక్కడైనా ఉన్నాడేమోనని ఆ వరుసలో వెతుకుతుంటాను.

మీ ఇంట్లోనూ బండికి ఇలాంటివి బిగించారా? పనిచేశాయా... నిజం చెప్పండి.