ఓదార్పమ్మ మేడ మెట్లెక్కిన ఆదివారం

ఆ చర్చికి వచ్చేవాళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే ఇంట్లోవాళ్ళు రెండు సంగతులు దాచేవారు. జబ్బు పేరు రోగి దగ్గర దాచేవారు. జబ్బు చేసిన సంగతి ఓదార్పమ్మ దగ్గర దాచేవారు. మొదటిది ఒక్కోసారి దాగేది.

ఆమె వచ్చేసేది. చేతిలో జపమాల, ముఖంలో ఆ ఇంట్లో అప్పటికే ఎవరో పోయినంత దిగులు. మంచం అంచున కూర్చుని ఎలా ఉందని అడిగేది, జవాబు తనే చెప్పేది. "మా లాండ్రీలో ఒకావిడకు అచ్చం ఇలాగే మొదలైంది" అని ఆగి, కిటికీలోంచి ఆకాశం వైపు చూసి నిట్టూర్చేది. ఆ ఒకావిడ ఏమైందో చెప్పేది కాదు. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన. మధ్యలో ఒక కన్ను తెరిచి అలమర మీది దుమ్మును చూసేది. ఆమె రెండోసారి వచ్చేలోగా లేచి తిరగాలన్న పట్టుదలతోనే బాగుపడినవాళ్ళు ఆ వీధుల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళందరినీ ఆమె తన ప్రార్థన ఖాతాలో వేసుకుంది.

ఓదార్పమ్మ అన్నది వెనక పెట్టిన పేరు. అది తన చెవిన పడినప్పుడు ఆమె దాన్ని బిరుదు అనుకుంది. అప్పటినుంచి ఎవరూ వెనక అనాల్సిన పని లేకపోయింది.

ఆమె పనిచేసే లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ వచ్చేవి. పొద్దున్నే ఆవిరి లేస్తే ఆ గది మబ్బు లోపలి గదిలా ఉండేది. మనుషులు మోచేతుల దాకా కనిపించి, మళ్ళీ కరిగిపోయేవారు. తెల్లటి దుప్పటి రెండు కొసలు పట్టుకుని దులిపితే నీటి తుంపర గాలిలో ఒక క్షణం వెలుగై నిలిచేది. ఓదార్పమ్మ మాత్రం మరకలను చూసేది. మరకను చూసి, ఆ దుప్పటి మీద పడుకున్నది ఎలాంటి మనిషో పక్కవాళ్ళకు చెప్పేది. చర్చి పీఠం మీద పరిచే గుడ్డను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే ఇస్త్రీ చేసేది. అందులో ఒక్క ముడత ఉండేది కాదు.

శనివారం సాయంత్రం పాపాలు ఒప్పుకోవడానికి వరసలో నిలబడేటప్పుడు అందరూ ఆమెకు ముందుండాలని చూసేవారు. వెనక పడితే ఆలస్యం. "కోపపడ్డాను ఫాదర్" అని మొదలుపెట్టేది. కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి కదా. అక్కడినుంచి తోడికోడలి కథ. తోడికోడలి గర్వం, మరిది తాగుడు, తన మొగుడి మెతకదనం, లాండ్రీ సూపర్‌వైజరు పక్షపాతం, అన్నీ వరసగా ఒప్పుకునేది. ఒకసారి జాలీ తెర అవతలినుంచి ఫాదర్‌గారు, మీ తోడికోడలి పాపాలు ఆమె వచ్చి చెప్పుకుంటుందిలే అమ్మా, మీవేమైనా ఉంటే చెప్పండి అన్నారట. ఈ సంగతి బయటికి వచ్చి ఆమే చెప్పింది, ఫాదర్‌గారికి కూడా తనలో ఏమీ దొరకలేదని.

ఆ తోడికోడలు ఉండేది ఎక్కడో కాదు, ఆమె నెత్తిమీదే. అన్నదమ్ములిద్దరికీ ఒకటే ఇల్లు. కింద పెద్దాయన, ఓదార్పమ్మ. పైన చిన్నాయన, అతని భార్య చిన్నామె. మధ్యలో ఇరుకు మెట్లు. నాలుగేళ్ళుగా ఓదార్పమ్మ ఆ మెట్లు ఎక్కలేదు.

కారణం ఒక ప్రార్థన.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం పూజలో కోరికలు చెప్పుకునే వేళ, ఇష్టమున్నవాళ్ళు మైకు దగ్గరికి వచ్చి ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పవచ్చు. అందరూ కలిసి, ప్రభువా మా ప్రార్థన ఆలకించండి అంటారు. వాన కోసం, పరీక్షల కోసం, ప్రపంచ శాంతి కోసం అడిగేవారు. ఓదార్పమ్మ చేతికి వచ్చాక ఆ మైకు వార్తలు చదవడం నేర్చుకుంది. ఆమె ప్రార్థించాకే ఫలానావాళ్ళ పెళ్ళి తప్పిందని, ఫలానావాళ్ళు వేరు కాపురం పెట్టారని అందరికీ తెలిసేది. ఎవరూ తప్పు పట్టలేరు. దేవుడితో కదా చెప్పింది.

ఆ రోజుల్లో మరిది బస్సు డ్రైవరు. తాగుడు మానాలని తనంతట తనే వెళ్ళి ఆసుపత్రిలో చేరాడు. ట్రైనింగుకు వెళ్ళాడని భార్య అందరికీ చెప్పింది. డిపోలో జబ్బు సెలవు పెట్టారు. ఆ ఆదివారం ఓదార్పమ్మ మైకు ముందు నిలబడి, గొంతు తడి చేసుకుని, "తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉన్న మా మరిది కోసం, ఆ సంగతి పైకి చెప్పుకోలేక కుమిలిపోతున్న మా తోడికోడలి కోసం ప్రార్థిద్దాం" అంది.

చర్చి అంతా ఒక్కసారి మెడ తిప్పి చిన్నామెను చూసింది. తర్వాత అలవాటు కొద్దీ ప్రభువా మా ప్రార్థన ఆలకించండి అంది. ప్రభువు సంగతేమో గానీ రెండో బల్లలో కూర్చున్న డిపో మేనేజరు మాత్రం చక్కగా ఆలకించాడు. మరిది తిరిగి వచ్చేసరికి స్టీరింగు అతనికి ఇవ్వలేదు. బస్సులు కడిగే పనిలో వేశారు. అతను చర్చికి రావడం మానేశాడు.

చిన్నామె పెద్దామెతో మాట్లాడడం మానేసింది. ఓదార్పమ్మకు ఇది అర్థం కాలేదు. ప్రార్థన చేసినందుకు కూడా కోపమా అని అందరినీ అడిగేది. అప్పటినుంచి ఇద్దరూ మనుషులతో కాక వస్తువులతో మాట్లాడుకున్నారు. ఈ బకెట్టుకు కళ్ళు లేవు కాబోలు, దారికడ్డంగా కూర్చుంది అని ఒకరు. కొన్ని చీపుళ్ళకు ఇంటి చెత్త కంటే ఊరి చెత్తే ఇష్టం అని ఇంకొకరు. పెద్దాయన వింటూ, తనకేమీ వినపడనట్టు పేపరు తిప్పేవాడు. అటు తమ్ముడు, ఇటు పెళ్ళాం. ఆ పేపరు తిరగేసి పట్టుకున్నా ఆయనకు తెలిసేది కాదు.

అలా ఉండగా చిన్నామె స్నానాల గదిలో జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. వీధి వీధంతా మెట్లెక్కి చూసి వచ్చింది. ఊళ్ళో రోగులందరినీ వెతికి వెతికి చూసే మనిషి, తన ఇంటి పైకప్పు మీద మూలుగుతున్న మనిషిని చూడలేదు. పిలవని చోటికి వెళ్ళకూడదని చెప్పింది. మిగతా ఇళ్ళవాళ్ళు పిలిచారా అని ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్ళింటికి వస్తుందని భయం.

చిన్నామెకు మంచం మీద ఒకటే దిగులు పట్టుకుంది. సత్ప్రసాదం అందడం లేదు. ఎన్ని గొడవలున్నా ఆదివారం ఆ అప్పం నాలుక మీద పెట్టుకోకుండా ఆమె వారం మొదలుపెట్టలేదు. అది వాళ్ళకు ప్రభువు శరీరం. మొగుణ్ణి బతిమాలింది. అతను తడిసిన ప్యాంటుతో, డిపోనుంచి అటే వెళ్ళి, చర్చి ఆఫీసు గుమ్మం బయటే నిలబడి ఫాదర్‌గారికి చెప్పాడు.

అన్ని ఇళ్ళకూ తనే తిరగలేక ఫాదర్‌గారు కొందరికి శిక్షణ ఇచ్చి, రోగులకు సత్ప్రసాదం మోసుకెళ్ళే పని అప్పగించారు. ఒక్కో వీధికి ఒకరు. మీ వీధికి మీ వదినగారే కదా అన్నారు, ఏమీ ఎరగనట్టు. అతను ఇంటికి వచ్చి భార్యకు ఆ మాట చెప్పాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. "రానీ" అంది.

ఓదార్పమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. చివరికి ప్రభువే తన పక్షాన తీర్పు చెప్పాడనుకుంది. నిన్ను నేను ఎప్పుడో క్షమించాను చెల్లీ అనే మాటను ఆ వారమంతా ఇస్త్రీ పెట్టె కింద పెట్టి నునుపు చేసుకుంది.

ఆదివారం పూజ అయ్యాక, సత్ప్రసాదం ఉన్న చిన్న గుండ్రటి డబ్బాను గుడ్డ సంచిలో పెట్టి మెడలో వేసుకుంది. దానికి కట్టుబాట్లున్నాయి. చర్చినుంచి నేరుగా రోగి దగ్గరికే పోవాలి. దారిలో కబుర్లు కూడదు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ ఎక్కడికమ్మా అని అడిగితే, నోరు విప్పకుండా కళ్ళెత్తి తన మేడను చూపించింది. ఆ వీధికి ఆమె కళ్ళు చాలు. ఆమె ఇల్లు చేరేలోగా కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

మెట్లెక్కింది. గది చిన్నది. కిటికీలోంచి పడ్డ ఎండ మంచం దాకా వచ్చి, చిన్నామె పాదాల దగ్గర పిల్లిలా పడుకుంది. మందుల పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ, దాని మీద వెలిగించిన కొవ్వొత్తి. పగటి వెలుతురులో మంట కనిపించడం లేదు, దాని పైన గాలి మాత్రం వణుకుతోంది. మరిది కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఓదార్పమ్మ డబ్బాను తెల్లగుడ్డ మీద పెట్టి, మోకరించి లేచి, సిలువ గుర్తు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. చిన్నామె చేయి ఎత్తింది.

"ఆగక్కా. కడుపులో నీ మీద కోపం పెట్టుకుని నేను నోరు తెరవలేను. ముందు అది తేల్చు."

నునుపు చేసి తెచ్చుకున్న మాట బయటికి తీసింది ఓదార్పమ్మ. "నిన్ను నేను ఎప్పుడో క్షమించాను చెల్లీ."

"నువ్వు నన్నా?"

 ఇది ప్రభువు ముందు మాట్లాడే మాట కాదని ఓదార్పమ్మ గుసగుసగా అంది. ప్రభువు ముందే మాట్లాడాలని, నాలుగేళ్ళ కింద మైకులో ఆయన ముందే కదా మాట్లాడావని చిన్నామె మామూలు గొంతుతోనే అంది.

అప్పుడు ఓదార్పమ్మకు తాను చిక్కుకున్న సంగతి తెలిసింది. సత్ప్రసాదాన్ని వెనక్కి తీసుకెళ్తే ఫాదర్‌గారు ఎందుకని అడుగుతారు. ఇంట్లో ఉంచుకోకూడదు. తనే పుచ్చుకుందామంటే, పూజలో ఇదివరకే పుచ్చుకుని వచ్చింది. విసురుగా దిగిపోదామంటే, మెడలో డబ్బాతో దిగుతున్న తనను చూడ్డానికి వీధి కిటికీలన్నీ కాచుకుని ఉన్నాయి.

"సరే, తప్పయింది. ఆ రోజు సైతాను నా చేత అనిపించాడు" అంది.

"సైతాను సంగతి సైతాను చూసుకుంటాడు. నీది చెప్పు."

అసలు మరిది తాగకపోతే తనకు ప్రార్థించే అవసరమేముందని మొదలుపెట్టింది. చిన్నామె అడ్డుపడింది.

"అది నా మొగుడి పాపం. ఆయన ఆసుపత్రికి వెళ్ళి మరీ ఒప్పుకున్నాడు. నీదేదీ?"

ఓదార్పమ్మ సాయం కోసం మరిది వైపు చూసింది. తన ప్రార్థన తర్వాత అతను చుక్క ముట్టని సంగతి నిజం కాదా అని అడిగింది. మరిది కిటికీ వైపునుంచి తిరగకుండానే జవాబు చెప్పాడు.

"నిజమే వదినా. మళ్ళీ తాగితే మళ్ళీ నా కోసం ప్రార్థిస్తావని భయం."

చిన్నామె పెదవులు బిగపట్టింది, నవ్వు వస్తే తుంటి నొప్పి పుడుతుంది. ఓదార్పమ్మ నవ్వలేదు. ఎవరి పాపం వైపు వెళ్ళినా ఆ దారి అప్పటికే మూసి ఉంది. స్టూలు మీది తెల్లగుడ్డను చూస్తూ నిలబడింది. అందులో ముడతలున్నాయి. చేయి అలవాటుగా ముందుకు వెళ్ళి, సగంలో ఆగిపోయింది.

"నాకు చెప్పలేదు నువ్వు" అంది చివరికి. ఆమె గొంతు ఎన్నడూ వినని గొంతులా ఉంది. "నీ మొగుడు సంచి పట్టుకుని ఆటో ఎక్కి, ఆ ఆసుపత్రి పేరు చెప్పడం నేను కింది కిటికీలోంచి విన్నాను. ట్రైనింగన్నావు. పరాయివాళ్ళకు చెప్పినట్టే నాకూ చెప్పావు. నాకు ఒళ్ళు మండింది. నాకు తెలుసని నలుగురికీ తెలియాలనిపించింది. అంతే. ప్రార్థన ఏమీ చెయ్యలేదు. ఆ రోజు ఇంటికొచ్చి కూడా చెయ్యలేదు. డిపో మేనేజరు రెండో బల్లలో ఉన్నాడని చూశాను. చూసే చెప్పాను."

మరిది ఇటు తిరిగాడు. మెట్ల వైపు వెళ్ళిపోయాడు. అతని అడుగులు కిందికి దిగడం ఇద్దరూ విన్నారు. వాటిలో క్షమాపణ ఉందో లేదో తెలియలేదు. అతని వంతు అతనికే మిగిలింది.

చిన్నామె చాలాసేపు పైకప్పును చూసింది. ఆ తర్వాత తల కొంచెం ఎత్తి నోరు తెరిచింది. ఓదార్పమ్మ డబ్బాలోంచి అప్పం తీసి పైకెత్తి "క్రీస్తు శరీరం" అంది. చిన్నామె ఆమెన్ అని, దాన్ని నాలుక మీద పుచ్చుకుని కళ్ళు మూసుకుంది.

ఇక్కడ మామూలుగా ఓదార్పమ్మ హితబోధ మొదలవుతుంది. ఈసారి ఆమె డబ్బాకు మూత మాత్రం పెట్టింది. చిన్నామె కళ్ళు తెరిచాక, ఆయన కిందికి పోయాడు కదా, నువ్వే సాయం పట్టాలి అంది. మంచం కిందినుంచి బెడ్‌పాన్ తీయమంది. ఓదార్పమ్మ ఖాళీ గుడ్డ సంచిని మెడలోంచి తీసి కొవ్వొత్తి పక్కన పెట్టి వంగింది. ఎటు పట్టుకోవాలో, నడుము కింద చేయి ఎలా పోనివ్వాలో ఆమెకు తెలియలేదు. చిన్నామె మూలిగింది.

"అటు కాదు. ఇటు. ఇంతమంది రోగుల దగ్గరికి వెళ్ళావు, ఇదీ రాదా?"

"చూడ్డానికే వెళ్ళేదాన్ని చెల్లీ."

పని అయింది. దాన్ని తీసుకెళ్ళి పారబోసి, కడిగి, తెచ్చి మంచం కింద పెట్టింది. చేతులు తుడుచుకుంటూ, ఇది నేను చేశానని ఎవరితోనూ అనకు అంది.

"నేను అనను అక్కా. నువ్వు అనకుండా ఉండగలవేమో చూడు."

ఓదార్పమ్మ డబ్బాను సంచిలో పెట్టి మళ్ళీ మెడలో వేసుకుంది. రేపు లాండ్రీకి వెళ్ళేముందు ఎన్ని గంటలకు రమ్మంటావని అడిగింది.