బొట్టు పెట్టాక వద్దన్న మిషన్

ఆ రోజుల్లో మనకు తెలియనిదంటూ ఏదీ ఉండదు. చదువు అప్పుడే అయి ఉంటుంది, ఎవరేం అడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది, ఎదుటివాళ్లు అడగకపోతే వాళ్ల మీద జాలి కూడా వేస్తుంది. నేనూ అంతే. పొద్దున్నే ధారూర్‌లో రైలెక్కి, తాండూరులో దిగి, బండల పాలిషింగ్ షెడ్ల తెల్లటి దుమ్ములోంచి మా మిషన్ షాపుకు నడిచేదాన్ని. కాళ్లకు మగవాళ్ల సేఫ్టీ బూట్లు. (ఆడవాళ్ల సైజు తెప్పించలేదు, ఎందుకంటే నాకు ముందు ఆ షాపులో ఆడవాళ్లే లేరు.) ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కి వేసుకుంటే తప్ప అవి కాళ్లకు నిలిచేవి కావు. నాకంటే ముందు నా బూట్ల చప్పుడు షాపులోకి వచ్చేది. పనివాళ్లు టీ గ్లాసులు దాచేవాళ్లు. నన్ను చూసి భయపడుతున్నారని నేను మురిసిపోయేదాన్ని. వాళ్లు దాచింది నాకు పోయాల్సి వస్తుందని, ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

మా సేటుది తాతల నాటి కందిపప్పు వ్యాపారం. పప్పు మిల్లు బాగుచేసుకోవడానికి పెట్టుకున్న చిన్న షెడ్డు పెరిగి పెరిగి, గేర్‌బాక్సులకు ఇనుప డబ్బాలు చేసే షాపయింది. ఆ డబ్బాకు ఎదురెదురు గోడల్లో రంధ్రాలుంటాయి. రెండిటి గుండా ఒకే షాఫ్టు పోవాలి కాబట్టి రెండూ ఒకే గీతలో ఉండాలి. మా పాత మిషన్లలో రంధ్రం కోసే టూలు పైనుంచి దిగేది. ఒక గోడ అయ్యాక డబ్బాను విప్పి, తిప్పి, మళ్లీ బిగించాలి. తిప్పిన ప్రతిసారీ గీత కాస్త జరిగేది, షాఫ్టు దూరేది కాదు. డబ్బాలు కొనే కంపెనీ, ఇంకోసారి ఇలా వస్తే వేరేచోటికి పోతామని తెగేసి చెప్పింది. షాపు మొత్తం ఆ ఒక్క పని మీదే బతుకుతోంది.

అప్పుడు నేను నోరు విప్పాను. హారిజాంటల్ మిషన్ కావాలన్నాను. అందులో టూలు పక్కనుంచి వస్తుంది, డబ్బాను బిగించిన బల్లే తిరుగుతుంది, డబ్బాను ఒక్కసారి బిగిస్తే చాలు. లోపల ఒకటి కోస్తుండగా బయట ఇంకో బల్ల మీద మరొకటి బిగించుకోవచ్చు. ఇదంతా నా టిఫిన్ డబ్బాను, పెన్సిల్‌ను పెట్టి సేటుకు చూపించాను. (డబ్బాలో పులిహోర ఉందన్న సంగతి మర్చిపోయి తిప్పాను. సేటు తెల్ల చొక్కా మీద పడ్డ మెతుకుల్ని ఆయనే ఏరుకున్నాడు.) అంతా విని అన్నాడు:

"సరే ఇంజనీరమ్మా, నువ్వే చూసి చెప్పు. నువ్వు సరే అంటే కొంట. గని తప్పు పోయిందనుకో, గింతమంది పొట్ట మీద పడ్తది. జర యాది పెట్టుకో."

యాది పెట్టుకోవడమేమిటి, ఆ రాత్రి కాలేజీ పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. అడగనంతసేపూ అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అడిగాక ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు.

ఇక అవ్వ గురించి చెప్పాలి. సేటు వాళ్లమ్మను షాపంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది కొన్నా ఆమె కంటపడాల్సిందే. కందుల బస్తా అయితే గుప్పెడు తీసి అరచేతుల మధ్య రుద్ది, ఒక గింజ కొరికి చూసేది. జీపు అయితే దాని టైరును కాలితో తన్నేది. నచ్చితే నడుముకు దోపుకున్న కుంకుమ డబ్బీ తీసి బొట్టు పెట్టేది. ఆమె బొట్టు పెట్టిందంటే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత వద్దనడమనేది ఆ ఇంట్లో లేదు. తాండూరు గంజ్ బజారులో అందరికీ తెలిసిన సంగతే అది. నాకూ తెలుసు. తెలిసీ, అవ్వ మాతో బయలుదేరుతుంటే, పెద్దామెకు కాస్త గాలి మార్పు అనుకుని సంతోషించాను.

మిషన్లు అమ్మేవాళ్ల షెడ్డు వికారాబాద్ దాటాక హైదరాబాద్ రోడ్డు మీద ఉంది. కారు డిక్కీలో మా డబ్బాలు మూడు. ఆ బరువుకు కారు వెనక కుంగి, ముందు లేచి, మేమంతా ఆకాశం చూస్తూ వెళ్లాం. నా ఒడిలో గుడ్డ చుట్టిన ఉక్కు రాడ్డు, సరిగ్గా షాఫ్టు కొలతది. రెండు రంధ్రాల గుండా అది దూరితే మిషన్ మంచిది, దూరకపోతే కాదు. అంతకంటే సులువైన పరీక్ష లేదు.

షెడ్డులో మాకు ఎదురొచ్చినాయన ఆ ఎండలో టై కట్టుకుని ఉన్నాడు. (ఆయన పేరు ఎప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పటికీ టై సారనే అంటాను.) ప్రశ్నలు నేను అడిగితే జవాబులు సేటుకు చెప్పేవాడు. "ఎన్ని టూళ్లు పడతాయి?" అని నేనంటే, "సర్, మీకు ఎన్ని కావాలంటే అన్ని సర్" అని అటు తిరిగేవాడు. నాకు మాత్రం ఒక చాక్లెట్ ఇచ్చాడు. కోపంతో దాన్ని తినకూడదనుకున్నాను. తిన్నాను.

అవ్వ మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది.

"గిదేందే బిడ్డా, సూది పండుకొని ఉన్నది?"

"ఇది గట్లనే ఉంటదవ్వా. పండుకొనే పని చేస్తది."

"పండుకొని పనిచేసెటోళ్లను మా ఇంట్ల మస్తుమందిని చూసిన. ఒక్కడూ బాగుపడలే" అని కొడుకు వంక చూసింది. సేటు దగ్గాడు.

మొదటి డబ్బా లోపలికి పోయింది. ఒక గోడ కోసింది, బల్ల గిరుక్కున తిరిగింది, రెండో గోడ కోసింది. బయటికి వచ్చాక రాడ్డు పెడితే వెన్నలోకి చెంచా దిగినట్టు దిగిపోయింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. బూట్లు ఒప్పుకోలేదు. ఆ సంబరంలో రాడ్డును గుడ్డతో తుడుచుకుంటూ అవ్వ వైపు చూడలేదు. చూసేసరికి మిషన్ తలుపు మీద నిండు రూపాయంత కుంకుమ బొట్టు ఉంది. బయటి బల్ల మీద రెండో డబ్బా పక్కన ఒక నిమ్మకాయ కూడా పెట్టేసింది.

"అయ్యో అవ్వా, ఇంకా చూసుడు గాలే!"

"చూస్తిమి గదనే, రాడ్డు దూరలేదా?"

నేను నోరు తెరిచేలోపు బల్లలు మారాయి. నిమ్మకాయ డబ్బాతో పాటే లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. టై సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. లోపల టూలును చల్లబరిచే నీళ్లు జల్లుమని పడుతున్నాయి, ఏమీ కనబడదు. కాసేపటికి, వెనకవైపు ఇనుప రజను బయటికి మోసుకొచ్చే పట్టీ మీద, రజను మధ్యలో, చెక్కుచెదరని నిమ్మకాయ మెల్లగా ఊరేగుతూ వచ్చి తొట్లో పడింది. అవ్వ దండం పెట్టింది. సేటు కళ్లు చెమర్చాయి. నేను మాత్రం, రజను బయటికి తేవడంలో ఈ మిషన్‌తో ఫికర్ లేదని మనసులో మార్కులు వేశాను. (అంత గట్టి పరీక్ష మళ్లీ నేను ఏ మిషన్‌కూ పెట్టలేదు.) రెండో డబ్బాలోనూ రాడ్డు దూరింది, కొంచెం బిగువుగా. సేటు టై సారు చేయి పట్టుకుని ఊపుతున్నాడు. టై సారు నాకు రెండో చాక్లెట్ ఇచ్చాడు.

ఆ బిగువు నాకు నచ్చలేదు. మిషన్ వేడెక్కితే కొలత కాస్త పక్కకు జరుగుతుంది. మా షాపులో అది పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా ఆగకుండా నడవాలి. "మనం తిని వచ్చేదాకా దీన్ని ఖాళీగా తిప్పుతూ ఉంచండి, తర్వాత మూడో డబ్బా చూద్దాం" అన్నాను. టై సారు నవ్వి, "సర్, మేడం ఇంకా కాలేజీలోనే ఉన్నారు సర్" అన్నాడు. సేటు కూడా నవ్వాడు. అయినా తిప్పారు. భోంచేసి వచ్చాక మూడో డబ్బా కోశారు. రాడ్డు మొదటి గోడ దాటింది. రెండో గోడ దగ్గర ఆగింది. నెట్టాను, ఆగింది. తిప్పి నెట్టాను, ఆగింది. డబ్బా సరిగా పోత పోయలేదన్నాడు టై సారు. మధ్యాహ్నం ఎండ అన్నాడు. ఏదో సరిచేసి అదే రంధ్రాన్ని పైపైన మళ్లీ కోశాడు. రాడ్డు మళ్లీ ఆగింది.

అందరూ నా వైపు చూశారు. నా ఎదురుగా తలుపు మీద ఎర్రటి బొట్టు. వద్దంటే ఆ ఇంటి మాట బజారులో పోతుంది. సరే అంటే షాపు పోతుంది. అప్పుడు నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ ఒక్కసారే పారిపోయాయి. ఏడుపు మాత్రం మిగిలింది.

"వద్దు సేటూ. గిది మనకు వద్దు" అన్నాను. గొంతు పిల్లి కూతలా వచ్చింది.

"బొట్టు పెట్టినంక వద్దంటవా?" అన్నాడు సేటు. కోపం కాదు, పాపం, నిజంగానే పరేషాన్ అయ్యాడు. "అమ్మా, నువ్వన్న చెప్పు."

అవ్వ లేచింది. నా చేతిలోంచి రాడ్డు తీసుకుని తనే మూడో డబ్బాలోకి నెట్టి చూసింది. కందులు రుద్దినట్టే రాడ్డు కొనను అరచేత్తో రుద్దింది. మళ్లీ నెట్టింది. ఆగింది.

"అరేయ్, నువ్వు సరే అంటే కొంట అని పిల్లకు మాటిచ్చినవా లేదా?"

"ఇచ్చిన."

"అది బొట్టుకంటె ముందటి మాట. ముందటి మాట తప్పి ఎన్కటి మాట నిలవెడ్తవా?" తర్వాత టై సారు వైపు తిరిగి చాలా మర్యాదగా అంది. "బిడ్డా, ఇంటికొచ్చిన ఆడామెకు బొట్టు పెట్టి సాగనంపుతం. పెట్టినమని ఇంట్లనే ఉంచుకుంటమా? మీ మిషన్‌కు గట్లనే పెట్టిన అనుకో."

టై సారు జేబులో చెయ్యి పెట్టాడు. అవ్వకు కూడా ఒక చాక్లెట్ ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో ధారూర్ దగ్గర నన్ను దింపేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. నా మాట నిలబెట్టడానికి ఒక పెద్దామె తన బొట్టునే వెనక్కి తీసుకుందని, అందుకు ఏడ్చానని ఇప్పుడు తెలుసు. "ఏడువకు బిడ్డా, బూట్లు నానుతయి" అంది అవ్వ, ముందు సీట్లోంచి వెనక్కి తిరగకుండానే.

తర్వాత ఇంకోచోట ఇంకో మిషన్ చూశాం. అది రోజంతా తిప్పినా రాడ్డును ఆపలేదు. అది తాండూరు షాపులో దిగిన రోజు పంతులు వచ్చాడు, కొబ్బరికాయలు వచ్చాయి, పనివాళ్లంతా స్నానాలు చేసి వచ్చారు. అవ్వ మాత్రం కుంకుమ డబ్బీ చేతిలో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ముహూర్తం దాటుతోందని పంతులు తొందరపెడుతుంటే, "పిల్ల సరే అననియ్యి" అంది. నేను డబ్బా వెనక డబ్బా కొలుస్తున్నాను. చెమటలు కారుతున్నాయి. చివరికి నేను తలెత్తి సరే అన్నాకే ఆ డబ్బీ మూత తెరుచుకుంది. కంపెనీ పని మా దగ్గరే ఉండిపోయింది.

అవ్వ పోయాక ఆ డబ్బీని సేటు నాకే ఇచ్చాడు. షాపులో నా బల్ల సొరుగులో ఉంటుంది. ఇప్పుడు షాపు నా చేతుల మీదే నడుస్తోంది, టీ గ్లాసు నాకు కూడా వస్తోంది. మొన్న ఇంకో హారిజాంటల్ మిషన్ వచ్చింది. చూడగానే నచ్చింది. మొదటి డబ్బాలో రాడ్డు జర్రున దిగింది, రెండోదాంట్లోనూ దిగింది. ఇంకేముంది, ఉత్సాహంగా డబ్బీ తెరిచి, వేలు కుంకుమలో ముంచి, మిషన్ తలుపు దాకా వెళ్లాను.

"మేడం, జర ఆగుండ్రి. వేడెక్కినంక ఇంకా చూడలే."

కుల్కచర్ల నుంచి కొత్తగా వచ్చి చేరిన ఇంజనీరు పిల్ల. చేతిలో రాడ్డు, ముఖంలో లోకంలో అన్నీ తనకే తెలుసన్న ధీమా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతమంది ముందు నన్నా ఆపేది! నోటిదాకా వచ్చిన మాటను మింగి, కిందికి చూశాను. ఆ పిల్ల కాళ్లకు సేఫ్టీ బూట్లు సరిగ్గా సరిపోయాయి. ఆ సైజు తెప్పించింది నేనే.

కుంకుమ వేలిని నా నుదుటికే రాసుకుని, డబ్బీ మూత పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"చూడు బిడ్డా" అన్నాను. "నువ్వు సరే అన్నంకనే."